ఆ రాత్రి మీటర్లో 52

"తిని కూర్చుంటే ఇంతేనమ్మా" అన్నాడు డాక్టరు, రిపోర్టులోంచి తలెత్తకుండానే. హెచ్‌బీఏవన్‌సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, 9.1. ఐదింటికి లేచి క్యారేజీలు కట్టి, బడిలో ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పే దాన్ని. నేనెప్పుడు కూర్చున్నానో ఆయనే చెప్పాలి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ అని రెండు షుగర్ మాత్రలు రాసి, "వాకింగ్ చెయ్యండి" అని పంపేశాడు.

ఆ కసితోనే మొదలెట్టాను. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున గంట, సాయంత్రం గంట. రాత్రి అన్నం మానేసి గ్లాసుడు మజ్జిగ. పది రోజులకే ఒళ్ళు తేలికైంది. కాస్త పొగరూ వచ్చింది.

పదకొండో రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. నైటీ తడిసి ముద్దయింది. గుండె దడ, నోట మాట తిరగట్లేదు. గుండెపోటే అనుకున్నాను. మా ఆయన 108కి ఫోన్ చేస్తుంటే అత్తయ్య లేచొచ్చి నా మెడ మీద చెయ్యి పెట్టారు. "చెమట చల్లగా ఉందిరా, షుగర్ పడిపోయింది. ముందు పంచదార నీళ్ళు కలుపు!" గ్లాసు నా పళ్ళకు తగిలి టకటకమంటుంటే ఆవిడే గడ్డం పట్టుకుని గుక్కగుక్కగా తాగించారు. మీటర్లో 52. పావుగంటకి 84. పెళ్ళయిన కొత్తలో నా వంటకి వంకలు పెట్టింది కూడా ఈవిడే, అది నేను మర్చిపోలేదు.

తర్వాత వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే తీరిగ్గా చెప్పింది. గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తుంది. నడిచిన కండరాలేమో గంటల తరబడి రక్తంలో చక్కెరని లాక్కుంటూనే ఉంటాయి. దానికి తోడు ఖాళీ కడుపు. ఈ నాలుగు మాటలు ఆయన ముందే చెప్తే ఏం పోయేది? ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డోసు తగ్గించింది. ఇప్పుడు పొద్దున నలభై నిమిషాల నడక, రాత్రి భోజనమయ్యాక పావుగంట. వారానికి రెండుసార్లు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడని తోయడం. తొమ్మిది నెలలకి హెచ్‌బీఏవన్‌సీ 6.7. నిద్ర పడుతోంది, పిల్లల మీద కసుర్లు తగ్గాయి. మీరూ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో వాడుతుంటే, నడక పెంచే ముందు డోసు సంగతి అడగండి. షుగర్ పడిపోతే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంటాగి మళ్ళీ మీటరు చూసుకోండి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకండి, 108కే ఫోన్ చెయ్యండి.

మా ఆయన ఇదంతా సింహాచలం అప్పన్న దయంటారు, గిరిప్రదక్షిణ మొక్కుకున్నారట. ముప్ఫై రెండు కిలోమీటర్లు. నేనూ వస్తానన్నాను.

"ముందు ఆ డాక్టరమ్మనడుగు" అన్నారు అత్తయ్య. "వెళ్తే గనక నీ సంచిలో ఒకటి, వాడి జేబులో ఒకటి పంచదార పొట్లం పెట్టుకోండి. వాణ్ణి నమ్ముకోకు, ఆకలేస్తే తినేస్తాడు."