లుఫిరా వంతెన గేమ్: ఆరో వారం పని

కాంగో నుంచి విడిపోయానని ప్రకటించుకున్న కటంగా ప్రాంతంలో 1961లో జరిగిన పోరాటంపై బల్లమీద ఆడే గేమ్ మొదలుపెట్టి నెలన్నర అయింది. ఈ వారం మ్యాప్, వంతెన పూర్తయ్యాయి, ఐదు ఆటలు ఆడి చూశాం.

చరిత్రను ఒక్కచోటే మార్చాను. ఐక్యరాజ్యసమితి (ఐరాస) తరఫున మన వైమానిక దళం కాన్‌బెరా బాంబర్ విమానాలు ఆరు 1961 అక్టోబరులో కాంగో చేరాయి. నా గేమ్‌లో అవి సెప్టెంబరు మొదటివారానికే కటంగాలోని కమీనా వైమానిక స్థావరంలో దిగుతాయి. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ఆ సెప్టెంబరు 13న కటంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో ఐక్యరాజ్యసమితి దళాలు ఆపరేషన్‌కి దిగాయి. అదే రోజు జాడోవిల్ పట్టణంలో ఐరాస తరఫున ఉన్న సుమారు 150 మంది ఐరిష్ సైనికులపై కటంగా జెండార్మరీ (కటంగా సైన్యం) దాడి మొదలుపెట్టింది. వాళ్ల కోసం బయలుదేరినవాళ్లలో మన గూర్ఖాలూ ఉన్నారు. దారిలో లుఫిరా నదిమీదున్న వంతెన దాటలేక రెండుసార్లు వెనక్కి రావాల్సి వచ్చింది. కటంగా దగ్గర ఎగరగలిగే ఫూగా మజిస్టర్ జెట్ ఒక్కటే ఉంది, కానీ దాన్ని అడ్డుకునే ఫైటర్ ఐరాసకు ఒక్కటీ లేదు. 17న నీళ్లు, తూటాలు అయిపోయి ఐరిష్‌వాళ్లు లొంగిపోయారు. అందుకే నా గేమ్ కూడా 17 సాయంత్రంతోనే ఆగిపోతుంది.

మ్యాప్‌కి థర్మోకోల్ వాడాను. దానిమీద నేరుగా స్ప్రే పెయింట్ కొట్టకండి, కరిగి గుంటలు పడుతుంది. ముందు ఫెవికాల్ రెండు పూతలు వేసి ఒక రాత్రంతా ఆరనిచ్చాను. ఎర్రమట్టికి జల్లించిన ఇటుక పొడి, గడ్డికి రంగు వేసిన రంపపు పొట్టు. వంతెన ఐస్‌క్రీమ్ పుల్లలతో చేశాను. అంటించలేదు, తీసి పక్కన పెట్టేలా ఉంచాను, ఎందుకంటే ఆటలో అది కూలిపోవచ్చు.

ఎక్కువ టైమ్ తిన్నది నీళ్ల రూల్. జాడోవిల్‌కి హెలికాప్టర్‌లో నీళ్లు పంపారు, కానీ అవి అంతకుముందు పెట్రోలు పోసిన డబ్బాలు, తాగడానికి పనికిరాలేదు. ఐరిష్ ఆటగాడికి పది నీలి బిళ్లలు ఇచ్చాను, పూటకో బిళ్ల తీసేయాలి. హెలికాప్టర్ దిగినా కొత్త బిళ్ల రాదు. ఆ పది బిళ్లలు ఒక్కొక్కటే తగ్గుతుంటే ఎదురుగా కూర్చున్నవాళ్లకీ టెన్షన్ వస్తుంది.

విమానాలకి ఇంకో అడ్డం ఉంది. 1961 ఫిబ్రవరిలో ఐరాస భద్రతా మండలి చేసిన తీర్మానం బలప్రయోగాన్ని చివరి మార్గంగానే ఒప్పుకుంది. కాబట్టి కాన్‌బెరా లేవాలంటే కాంగో రాజధాని లియోపోల్డ్‌విల్‌లోని ఐరాస అధికారుల అనుమతి కావాలి, పాచికపై 4 లేదా అంతకంటే ఎక్కువ పడాలి.

ఐదు ఆటల్లో నాలుగింటిలో ఫూగా కటంగాలోని కొల్వేజీ ఎయిర్‌ఫీల్డ్‌లో నేలమీదే కాలిపోయింది. అయినా వంతెన దాటింది రెండుసార్లే. నాకిది సరిగ్గానే ఉందనిపిస్తోంది. ఒడ్డున మెషిన్‌గన్లతో కూర్చున్నవాళ్లను పైనుంచి కొట్టబోతే కాపాడాల్సిన వంతెనే పోతుంది. మూడో ఆటలో అదే జరిగింది. నిజంలో 1963 జనవరి 3న మన సైనికులు జాడోవిల్ చేరినప్పుడు కూడా శత్రువు పేల్చేసిన వంతెనల మధ్య నుంచే నది దాటారు.

వచ్చేవారం ఐరిష్ ఫోర్డ్ ఆర్మర్డ్ కార్లు రెండు చేయాలి. 1:72 సైజు మోడల్ కిట్ ఎక్కడా దొరకలేదు. అట్టముక్క కోసి, టరెట్‌కి గుండుసూది తల పెట్టి ఒకటి మొదలుపెట్టాను, చక్రాలు ఇంకా మిగిలాయి.