బ్యాకప్ ఆగిందా? పక్కన ఇంకేం పెట్టారో చూడండి

తెనాలిలో మాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, కరపత్రాలు చేస్తాం. "మా పెద్దమ్మాయి కార్డు లాంటిదే చిన్నదానికీ కావాలండీ" అంటూ వచ్చేవాళ్లు చాలామంది, అందుకే ఏ ఫైలూ తీసెయ్యను. రోజూ రాత్రి షాపు కట్టేసే ముందు ఒక బ్యాచ్ ఫైలు (కంప్యూటర్‌కి ఇచ్చే ఆదేశాలు వరసగా రాసిపెట్టిన ఫైలు) నడుపుతాను. అది విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండుతో అన్నిటినీ బయటి హార్డ్ డిస్క్‌లోకి, అంటే ఇ డ్రైవ్‌లోకి, కాపీ చేస్తుంది.

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే వచ్చి చూస్తే నల్ల విండో ఇంకా తెరిచే ఉంది. ఎర్రర్ 112, డిస్కులో చోటు లేదట. ముప్ఫై సెకన్లు ఆగడం, మళ్లీ ప్రయత్నించడం, రాత్రంతా అదే. రెండు టీబీల డిస్కు సగం కూడా నిండలేదు! "డిస్కు పోయినట్టుంది, కొత్తది కొనేద్దాం అక్కా" అన్నాడు మా దగ్గర పనిచేసే అబ్బాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మై కంప్యూటర్ తెరిస్తే సంగతి తెలిసింది. ముందురోజు టేబుల్ తుడవడానికి హార్డ్ డిస్కు తీశారు. ఆ కాసేపట్లో ఎవరో కస్టమర్ పెన్‌డ్రైవ్ పెట్టారు. ఖాళీగా ఉన్న ఇ అక్షరం దానికి వెళ్లిపోయింది. తర్వాత డిస్కు పెడితే దానికి ఎఫ్ వచ్చింది. పాపం బ్యాచ్ ఫైలుకి అదేం తెలుసు? ఊళ్లోవాళ్ల పెళ్లిళ్ల వివరాలు, ఫోన్ నంబర్లు, ఫొటోలు అన్నీ 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో నింపేసింది. ఆయన తీసుకెళ్లకముందే చూడబట్టి సరిపోయింది. మా ఫోల్డర్ తీసేసి, ఆయన ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఇచ్చాను.

విండోస్‌లో ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మా డిస్కుకి జడ్ అక్షరం ఇచ్చాను. పెన్‌డ్రైవ్‌లు అంత చివరికి రావు. డిస్కులో ఒక ఖాళీ ఫైలు గుర్తుగా పెట్టి, అది కనబడకపోతే కాపీ మొదలుపెట్టొద్దని బ్యాచ్ ఫైల్లో ఒక లైను కూడా రాశాను.

వారం తిరక్కుండా మళ్లీ గొడవ. ఈసారి కాపీ సగంలో ఉండగా డ్రైవే మాయమైంది. డిస్కు దగ్గర చెవి పెట్టి విన్నాను: టక్... టక్... లైటు ఆరుతోంది, వెలుగుతోంది. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో 157 నంబరు కనబడింది, డిస్కు ఉన్నట్టుండి ఊడిపోయిందని దానర్థం. ఎవరూ ముట్టుకోలేదే! అప్పుడు డిస్కు తగిలించిన హబ్ (ఒకే యూఎస్‌బీ పోర్టుకి చాలా వస్తువులు పెట్టుకునే పెట్టె) వైపు చూశాను. దానికి వేరే అడాప్టర్ లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. దాన్నే హార్డ్ డిస్కు, కార్డ్ రీడర్, పైగా ఛార్జింగ్‌కి పెట్టిన మా అబ్బాయి ఫోను పంచుకుంటున్నాయి. డిస్కు తిరగడానికి కరెంటు చాలక ఆగిపోతోంది.

హబ్ పక్కనపెట్టి డిస్కుని సీపీయూ వెనక పోర్టుకి నేరుగా పెట్టాను. ఆ రాత్రి నుంచి ఆగలేదు. మొన్న అందులోంచి 2014 నాటి శుభలేఖ ఒకటి పేజ్‌మేకర్‌లో తెరిచి చూశాను. ఒక్క వత్తు కూడా చెదరకుండా వచ్చింది.