వాష్‌బేసిన్ గోడకు మరాకేష్ సున్నం: నా అనుభవం

పెయింటు షాపుల్లో "మొరాకన్ ఫినిష్" అని చూపించేవి చాలావరకు యాక్రిలిక్ టెక్స్చర్ రంగులే. హాల్లో గోడకైతే సరిపోతాయి, రోజూ నీళ్లు పడే చోట పనికిరావు. మొరాకోలోని మరాకేష్ నగరంలో హమ్మాములనే ఆవిరి స్నానశాలల్లో, నడిమి వాకిలి చుట్టూ కట్టిన రియాద్ అనే పాత ఇళ్లలో, నీటి తొట్లలో కనిపించే నున్నటి పూత వేరు. దాన్ని తడెలాక్ట్ అంటారు. అందులో ఉండేవి సున్నం, రంగు పొడి, సబ్బు. హైదరాబాద్‌లో మా వాష్‌బేసిన్ వెనక గోడకు, సుమారు 4 చదరపు మీటర్ల మేర, ఆ పూతే వేయించాను.

నీళ్లను ఆపేది సున్నం ఒక్కటే కాదు, సబ్బు కూడా. బోరు నీళ్లతో స్నానం చేస్తే సబ్బు నురగ రాక బకెట్ అంచున తెల్లటి తెట్టు కడుతుంది కదా. నీళ్లలోని కాల్షియంతో సబ్బు కలిస్తే కరగని పదార్థం పుడుతుంది, ఆ తెట్టు అదే. తడెలాక్ట్‌లో సబ్బు గోడలోని సున్నంతో కలిసి, అదే తెట్టు పూతలోని సన్న రంధ్రాల్లో తయారై నీటిని లోపలికి పోనివ్వదు. అందుకే ఇక్కడ డిటర్జెంటు, లిక్విడ్ హ్యాండ్‌వాష్ పనిచేయవు. కావలసింది ఆలివ్ నూనెను పొటాష్ క్షారంతో ఉడికించిన మెత్తటి నల్ల సబ్బు. యూకలిప్టస్ వాసన కలిపి స్నానానికి అమ్మేది కాకుండా ఏమీ కలపనిది చూసుకోవాలి. సబ్బును బోరు నీళ్లలో కలిపితే గోడ దాకా రాకుండా గిన్నెలోనే విరిగిపోతుంది. నేను ఆర్‌ఓ నీళ్లు వాడాను.

గోడను సిద్ధం చేయడంలో రాజీ కుదరదు. టైల్స్, పుట్టీ, పాత రంగు మొత్తం చెక్కించాలి. పీఓపీ ఉంటే పూర్తిగా తీసేయాలి. కింది ప్లాస్టర్ తడిని పీల్చుకుంటేనే సున్నం పట్టుకుంటుంది కాబట్టి అందులో వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ ఉండకూడదు. మేస్త్రీలు బాత్రూం పని అనగానే అలవాటుగా ఆ డబ్బా పోసేస్తారు, ముందే చెప్పి పెట్టాలి. కొత్త సిమెంటు ప్లాస్టరైతే నాలుగు వారాలు ఆగాలి. దాని మీద హైడ్రాలిక్ సున్నం (నీళ్లు కలిపితే గట్టిపడే రకం) ఒక పాలు, జల్లించిన ముతక ఇసుక రెండున్నర పాళ్లు కలిపి 8-10 మిల్లీమీటర్ల పూత వేయించి, గట్టిపడేలోపే గీతలు గీయించాం. కుళాయి పైపులు, అద్దం కొక్కేలు అన్నీ అప్పటికే బిగించి ఉండాలి. పూత అయ్యాక డ్రిల్లింగ్ చేస్తే ఆ బెజ్జంలోంచి నీరు వెనక్కి పోయి పొక్కులు లేస్తాయి.

మరాకేష్ సున్నంలో కాలని రాతి నలుసులు, మట్టి సహజంగానే ఉంటాయి. ఇసుక కలపక్కర్లేదు. మన దగ్గర దొరికే మామూలు సున్నంతో చేయాలంటే పాలరాతి పొడి చేర్చాలి, ఆ పాళ్లు ముందు నమూనా పలక మీద తేల్చుకోవాలి. మేము తెప్పించిన మరాకేష్ సున్నం పొడే వాడాం. చదరపు మీటరుకు 6 కిలోల లెక్కన 24 కిలోలు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తాపీ మీద పెట్టి వంచినా జారిపోనంత చిక్కగా కలపాలి. రంగు సున్నం బరువులో 10 శాతం మించితే పూత బలం తగ్గుతుంది. మేము 3 శాతం, అంటే 720 గ్రాములు వేశాం: పసుపు ఐరన్ ఆక్సైడ్, అందులో కొంచెం రెడ్ ఆక్సైడ్. మన పాత ఇళ్ల ఎర్ర గచ్చుల్లో వేసిందీ ఈ రెడ్ ఆక్సైడే. సున్నానికి తట్టుకోని రంగులు కొన్నాళ్లకే వెలిసిపోతాయి. రంగును త్రాసులో తూచి, ఒకేసారి మొత్తం కలిపేయాలి. రెండో విడత కలిపిన రంగు మొదటిదానితో కలవదు. తడిలో కనిపించే రంగు ఆరాక చాలా తేలిపోతుంది కనుక అడుగు పొడవు పలక మీద పూత వేసి, ఆరనిచ్చి చూశాకే ఖాయం చేశాం.

చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, పొడి కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే మామూలు మంట కాదు.

ముందు రోజు గోడను బాగా తడిపి, పూత వేసే ముందు మళ్లీ తడపాలి. మొదటి పొర చెక్కతో గట్టిగా నొక్కి పామాలి. అది బిగుసుకుంటుండగానే, ఇంకా తడి ఉండగానే రెండోది పడాలి. రెండూ కలిసి 5-6 మిల్లీమీటర్లు. గోడంతా ఒకే ఊపులో అవ్వాలి. మధ్యలో భోజనానికి ఆగితే ఆ అతుకు గీత ఎప్పటికీ కనిపిస్తుంది. అందుకే ఇద్దరు మనుషులుండాలి. ఫ్యాను ఆపి, కిటికీ మూసి పని చేయించాం. మే నెల ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు. తడి తొందరగా పోతే నెర్రెలు పడతాయి, పైగా సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి రాయిగా మారడానికీ తడి కావాలి.

తర్వాత అసలు పని రాయిది. నున్నటి గట్టి గులకరాయితో చిన్న చిన్న వలయాలుగా తిప్పుతూ రుద్దాలి. ఎప్పుడు మొదలుపెట్టాలో గడియారం చెప్పదు. వేలితో నొక్కితే గుంట పడకూడదు, కానీ చల్లదనం తగలాలి. తొందరపడితే రాయి వెంట పూత లేచి వస్తుంది. ఆలస్యమైతే ఎంత రుద్దినా మెరుపు రాదు. మామూలు ఇనుప తాపీతో గట్టిగా రుద్దితే నల్లటి చారలు పడతాయి, అందుకే ప్లాస్టిక్ తాపీ. లోపలి మూలలను గుండ్రంగా తిప్పాలి, కోణంగా వదిలితే మొదటి పగులు అక్కడే వస్తుంది. కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణలో సున్నం పని చేసిన మేస్త్రీలు మన నగరంలో ఉన్నారు. అలాంటి చేయి దొరికితే తడి చూసి సమయం చెప్పడం వాళ్లకు నేర్పక్కర్లేదు.

మర్నాడు సబ్బు. ఒక పాలు నల్ల సబ్బు, పది పాళ్లు వేడినీళ్లు. చల్లారాక మెత్తటి బ్రష్‌తో పూసి, వెంటనే అదే రాయితో మళ్లీ రుద్దాలి. సబ్బును ఒకేచోట ఎక్కువ పోస్తే తెల్లటి మచ్చలు మిగులుతాయి. చివర్లో పాలిథిన్ కవరు చేతికి చుట్టుకుని రుద్దితే మెరుపు తేలుతుంది.

నాలుగు వారాలు ఆ గోడ మీద నీళ్లు పడనివ్వలేదు. బేసిన్ అంచు గోడను తాకేచోట సిలికాన్ పెట్టించాం. పూత మీద నీళ్లు నిలిచే చదును గట్టు వద్దు, వాలు ఉండాలి. పనిమనిషికి ముందే చెప్పాల్సింది ఒకటుంది: టైల్స్ కడిగే యాసిడ్, వెనిగర్, నిమ్మకాయ ఏదీ దీన్ని తాకకూడదు. సున్నం కరిగి అక్కడ గరుకుమచ్చ పడుతుంది. మామూలుగా తడిబట్టతో తుడిస్తే చాలు. పడిన నీళ్లు బొట్లుగా జారకుండా లోపలికి ఇంకి గోడ ముదురు రంగుకు తిరిగిందంటే, ఆరనిచ్చి పలచటి నల్ల సబ్బు నీళ్లతో ఓసారి పూసి మెత్తటి బట్టతో రుద్దాలి.