కప్ప చర్మం, కొంచెం వాసోటోసిన్

ఈ రోజంతా కప్ప చర్మంతోనే గడిచింది. ఉదయం పొట్ట భాగపు చర్మాన్ని రెండు గదుల మధ్య తెరలా బిగించి, ఇరువైపులా ఒకే రింగర్ ద్రావణం (శరీర ద్రవాన్ని పోలిన ఉప్పునీరు) నింపి, చర్మం గుండా పారే కరెంటు నిలకడకు వచ్చేదాకా ఎదురుచూశాను. రెండు వైపులా గాఢత సమానంగా ఉన్నా, వోల్టేజిని సున్నా దగ్గర పట్టి ఉంచినా ఈ కరెంటు ఆగదు. అది బయటి నుంచి లోపలికి చేరుతున్న సోడియమేనని 1951లో ఉసింగ్, జెరాన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఎన్నిసార్లు చూసినా నాకిది పాతబడని వింతే.

మధ్యాహ్నం కప్ప హార్మోన్ వాసోటోసిన్ తీశాను. తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసైన ఈ చిన్న పెప్టైడ్‌కూ మన ఒంట్లో నీటిని నిలిపే హార్మోన్ వాసోప్రెసిన్‌కూ తేడా మూడో స్థానంలో మాత్రమే: మనకు ఫినైల్ అలనిన్ ఉన్నచోట కప్పకు ఐసోల్యూసిన్ ఉంటుంది. దాన్ని బయటి వైపు కలిపితే గ్రాఫులో గీత కదలలేదు. అదే మోతాదు లోపలి వైపు వేస్తే, కాసేపు ఏమీ పట్టనట్టు ఉండి, తరువాత మెల్లగా పైకి లేచింది. దాన్ని అందుకునే గ్రాహకాలు రక్తం తగిలే వైపే ఉన్నాయి మరి! పెప్టైడ్ తానుగా ఏ అయానునూ మోయదు. కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సందేశ అణువును పెంచి, బయటి పొరలో సోడియం ఛానెళ్లు మరిన్ని పనిచేసేలా చేస్తుంది. అలా కణంలోకి వచ్చిన సోడియాన్ని రక్తం వైపుకు నెట్టే శ్రమ మాత్రం కణపు శక్తి అణువైన ఏటీపీని ఖర్చు చేసే సోడియం-పొటాషియం పంపుదే.

గీత శిఖరానికి చేరాక బయటి వైపు ఆ సోడియం ఛానెళ్లను మూసే మందు అమిలోరైడ్ వేశాను. కరెంటు చూస్తుండగానే దాదాపు సున్నాకు పడిపోయింది. పెరిగినదంతా ఆ ఛానెళ్ల దారినే వచ్చిందన్నమాట.

అసలు నన్ను పట్టి లాగుతున్నవి కప్ప చర్మ గ్రంథులే స్రవించే పెప్టైడ్లు. 1987లో జెనోపస్ అనే ఆఫ్రికా కప్ప చర్మంలో శాస్త్రవేత్త జాస్లాఫ్ గుర్తించిన మాగైనిన్లు బ్యాక్టీరియా పొరలకు చిల్లులు పెడతాయి. అలాంటి పెప్టైడ్ ఈ చర్మపు బయటి పొరకే చిల్లు పెడితే, అక్కడి నుంచి దూరిన సోడియాన్ని కూడా పంపు లోపలికి నెట్టేస్తుంది కనుక, వాసోటోసిన్ వేసినప్పటిలాగే గీత లేవవచ్చు. అయితే ఆ పెరుగుదల అమిలోరైడ్‌కు లొంగదు. అందుకే కరెంటు పెరిగిందని సంబరపడే ముందు అమిలోరైడ్ వేసి చూడాలి. చర్మపు విద్యుత్ నిరోధం ఎంత తగ్గిందో కూడా పక్కనే రాసుకోవాలి. రేపటి పట్టికలో ఆ రెండు గడులూ గీసి ఉంచాను.