నూరు శరత్తులు, ఏం చేస్తూ?

పెద్దల కాళ్లకు దణ్ణం పెడితే అక్షతలతోపాటు నెత్తిన పడే మాట ‘శతమానం భవతి’. చాలామందికి ఆ దీవెన అక్కడితో అయిపోతుంది. నూరేళ్లు బతకమన్నారు, బాగుంది అనుకుని లేచిపోతాం. దాని తర్వాత వచ్చేది వినం: ‘శతాయుః పురుషశ్శతేంద్రియ ఆయుష్యేవేంద్రియే ప్రతితిష్ఠతి’. ఆయుష్షులోనే కాదు, ఇంద్రియాల్లోనూ నిలదొక్కుకో అని దాని సారాంశం. ఊపిరి ఒక్కటే నూరేళ్లు ఆడితే చాలదని దీవించేవాళ్లకు తెలుసు.

ఇదే కోరికను మనిషి తన నోటితో తానే అడిగే మంత్రం ఒకటుంది. మాధ్యాహ్నిక సంధ్యలో, అంటే మధ్యాహ్నం చేసే సంధ్యావందనంలో, సూర్యుడికి ఎదురుగా నిలబడి చెప్పేది. కృష్ణ యజుర్వేదంలో దాని పాఠం ఇలా సాగుతుంది:

‘పశ్యేమ శరదశ్శతం, జీవేమ శరదశ్శతం, నందామ శరదశ్శతం, మోదామ శరదశ్శతం, భవామ శరదశ్శతం, శృణవామ శరదశ్శతం, ప్రబ్రవామ శరదశ్శతం, అజీతాస్స్యామ శరదశ్శతం’.

నూరు శరత్తులు (శరదృతువులు, అంటే నూరేళ్లు) చూద్దాం, జీవిద్దాం, ఆనందిద్దాం, సంతోషిద్దాం, ఉందాం, విందాం, చక్కగా మాట్లాడదాం, ఓడిపోకుండా ఉందాం. ఉపనయనమైన పిల్లవాడు అర్థం తెలియకుండానే గడగడా అప్పజెప్పే వాక్యాలివి. ఎనిమిదేళ్లవాడికి చూపు తగ్గడమంటే ఏం తెలుసు? డెబ్బై దాటినవాడు మాత్రం మొదటి రెండు మాటల దగ్గరే ఆగిపోతాడు. (మధ్యాహ్న సూర్యుణ్ని వేళ్ల సందులోంచి చూస్తూ చెప్పడం ఆచారమే గానీ, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లూ, అసలు ఎవరైనా, సూటిగా చూడొద్దు. కళ్లు మూసుకుని తలుచుకుంటే చాలు. చూపు నిలవాలని అడుగుతూ చూపు పోగొట్టుకోవడం ఏ శాస్త్రం?)

ఋగ్వేదం ఏడో మండలంలో ఈ ప్రార్థన చాలా చిన్నది. చూద్దాం, జీవిద్దాం, అంతే. శుక్ల యజుర్వేదంలో వినడం, మాట్లాడడం చేరాయి. ‘అదీనాః స్యామ’, దీనులం కాకుండా ఉందాం అన్నది చేరింది. చివర ‘భూయశ్చ శరదః శతాత్’ అని నూరు దాటినా ఇంకా కావాలన్నారు. అథర్వవేదం దగ్గరికి వచ్చేసరికి మరికొన్ని కనిపిస్తాయి, వాటిలో రెండు: ‘బుధ్యేమ శరదశ్శతం, రోహేమ శరదశ్శతం’. నూరేళ్లూ తెలుసుకుంటూ ఉందాం, నూరేళ్లూ పెరుగుతూ ఉందాం. నలభై దాకా పెరిగి ఆ తర్వాత ఉన్నది కాపాడుకుందామని ఋషి అడగలేదు. తొంభై తొమ్మిదో శరత్తు కూడా పెరుగుదల లెక్కలోనిదే. నాకు ఈ మంత్రాలన్నిటిలో అన్నిటికన్నా సాహసమైన కోరిక ఇదే అనిపిస్తుంది.

వసంతాలతో కాకుండా శరత్తులతో లెక్కపెట్టడంలోనూ ఒక నిజాయితీ ఉంది. వెన్నెలకు ఎంత పేరున్నా, శరత్తు జబ్బుల కాలం. ‘వైద్యానాం శారదీ మాతా’ అని ఒక చమత్కారం ఉంది. శరత్తు వైద్యులకు తల్లిలాంటిదట, రోగుల్ని పంపి వాళ్లను పోషిస్తుంది కాబట్టి. అలాంటి ఋతువులే నూరు కావాలని అడిగినవాడికి మోకాళ్ల నొప్పులూ దగ్గూ లేని జీవితం దొరుకుతుందన్న భ్రమ లేదు. యౌవనాన్ని తిరిగి ఇమ్మనీ అడగలేదు. అది అడిగినవాడు యయాతి. కొడుకు పూరుడి యౌవనం తీసుకుని వెయ్యేళ్లు అనుభవించి, చివరికి ‘న జాతు కామః కామానాముపభోగేన శామ్యతి’ అని, అనుభవించినంత మాత్రాన కోరికలు చల్లారవని, తానే ఒప్పుకుని వయసు వెనక్కి ఇచ్చేశాడు.

‘అదీనాః’ అన్నచోట మాత్రం నిలబడి ఆలోచించాలి. ముసలితనంలో దీనత్వం అంటే ఏమిటి? ఒకరి చెయ్యి పట్టుకుని నడవడమా? కొడుకో కోడలో అన్నం వడ్డించడమా? అదైతే కాదు. పసితనంలో అందరం అలాగే పెరిగాం, అప్పుడెవరూ మనల్ని దీనులనలేదు.

భాగవతం ప్రథమ స్కంధంలో దీనికి జవాబు దొరుకుతుంది. తీర్థయాత్రలు ముగించుకుని విదురుడు హస్తినకు వస్తాడు. యుద్ధం అయిపోయింది, ధృతరాష్ట్రుడు పాండవుల ఇంట్లో ఉన్నాడు. విదురుడు అన్నగారికి ఓదార్పు మాటలేవీ చెప్పడు. పుట్టుగుడ్డివి, ఇప్పుడు చెవులూ వినపడవు, పళ్లు ఊడాయి, జీర్ణశక్తి తగ్గింది, కఫం కమ్ముతోంది, అయినా ఆశ వదలలేదు అంటాడు. ఎవరికి విషం పెట్టించారో, ఎవరి ఇంటికి నిప్పు పెట్టించారో, ఎవరి భార్యను అవమానించారో వాళ్లు పెట్టే అన్నంతో నిలిచే ప్రాణం ఎందుకు, భీముడు వేసే ముద్ద తింటూ ఇంటి కుక్కలా పడి ఉన్నావు అంటాడు. ఇంత కటువుగా ఒక వృద్ధుడితో మాట్లాడిన ఘట్టాలు మన పురాణాల్లో తక్కువ.

ఆశ్చర్యం ఏమిటంటే, ధృతరాష్ట్రుడు విన్నాడు. యుద్ధానికి ముందు ఒక రాత్రంతా ఇదే విదురుడు నీతి చెబితే, అంతా బాగానే ఉంది గానీ కొడుకు గుర్తొస్తే మనసు మారిపోతోందన్న మనిషి ఇతను. నూరుగురు కొడుకులూ ఉన్నప్పుడు ఎక్కని మాట, అందరూ పోయి చెవుడు వచ్చాక ఎక్కింది. ఆ రాత్రే గాంధారితో, విదురుడితో కలిసి ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. పొద్దున్నే నమస్కరించడానికి వచ్చిన ధర్మరాజు వాళ్లు కనిపించక కుమిలిపోతే, నారదుడు వచ్చి చెప్పాడు: హిమాలయానికి దక్షిణాన గంగ ఏడు పాయలైన సప్తస్రోతం దగ్గర ధృతరాష్ట్రుడు మూడు పూటలా స్నానం చేస్తూ, ఆసనం నిలుపుకుని, శ్వాసను అదుపులో పెట్టుకుని యోగం చేస్తున్నాడు. అంత జీర్ణించిన శరీరంతో, అంతకుముందెన్నడూ చేయనిది మొదలుపెట్టాడు. ఆ కథలో అతన్ని ‘ప్రజ్ఞాచక్షువు’, బుద్ధే కన్నుగా ఉన్నవాడు, అంటారు. ‘పశ్యేమ’ అని అడగడానికి పుట్టుకనుంచీ వీలులేనివాడికి ‘బుధ్యేమ’ అన్న తలుపు ఆఖర్న తెరుచుకుంది.

(భారతంలో ఈ కథ వేరు. అక్కడ పదిహేనేళ్లు పాండవుల దగ్గర ఉండి, ధర్మరాజు అనుమతి తీసుకుని, అందరికీ చెప్పి అడవికి వెళతాడు. కుంతి కూడా తోడు వెళుతుంది.)

పెద్దవాళ్లంతా ఇల్లు విడిచిపోవాలని నేననడం లేదు. ఎవరైనా ఈ కథను అలా వాడుకుంటే అది పెద్దల మీద దౌర్జన్యమే. విదురుడు దెప్పింది చేయిచాచినందుకని నాకు అనిపించదు; ఇక నా బుద్ధిలో మారేదేమీ లేదని మూలన కూర్చున్నందుకు. ఆ కూర్చోవడం సొంతింట్లో, పింఛను డబ్బులతో, ఆరోగ్యంగా ఉంటూ కూడా సాధ్యమే. ‘ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాం’ అన్నమాట అరవైల్లోనే మొదలుపెట్టేవాళ్లు ఎంతమంది లేరు!

మంత్రంలోని వరస కూడా గమనించదగ్గది. ‘శృణవామ’ ముందు, ‘ప్రబ్రవామ’ తర్వాత. వినడం ముందు, చెప్పడం తర్వాత. వయసు మీదపడ్డాక మనలో చాలామందికి ఇది తారుమారవుతుంది. మనవడు ఫోన్‌లో ఏదో చూపించబోతే ‘మా కాలంలో’ అని అందుకుంటాం. భీష్ముడు అంపశయ్య మీద చెప్పిన ధర్మాలు శాంతి, అనుశాసన పర్వాలు నిండా ఉన్నాయి. విష్ణు సహస్రనామం కూడా అక్కడిదే. కానీ ఆయన ధర్మరాజు అడిగితే చెప్పాడు. నొప్పి వల్ల మాట్లాడలేనని మొదట కృష్ణుడితో మొరపెట్టుకున్నాడు కూడా. అడిగినవాడి సందేహానికి జవాబుగా వచ్చిన మాటలు కాబట్టే అవి ఇంతకాలం నిలిచాయి. కదలలేని శరీరమైనా ‘ప్రబ్రవామ’ నెరవేరింది.

పని మానేయడమే వైరాగ్యమనుకునేవాళ్లకు ఈశావాస్యోపనిషత్తు రెండో మంత్రం ఉంది: ‘కుర్వన్నేవేహ కర్మాణి జిజీవిషేచ్ఛతం సమాః’. కర్మలు చేస్తూనే నూరేళ్లు జీవించాలని కోరుకోవాలి. ఎంత పెద్ద పని అన్నది అక్కడ లేదు. మొక్కకు నీళ్లు పోయడమూ పనే, పక్కింటి పిల్లకు ఎక్కాలు చెప్పడమూ పనే.

ఇంకొకటి. ఈ ప్రార్థనలో ఎక్కడా ‘నేను’ లేదు. అన్నీ ‘మనం’. ఒంటరిగా ఉండే వృద్ధుడు ఒక్కడే నిలబడి చెప్పినా ‘మనం చూద్దాం, మనం విందాం’ అనే చెప్పాలి; వేరే పాఠం లేదు. మంత్రం నోటికి రానివాళ్లు తెలుగులోనే అనుకోవచ్చు. ఒక్కో క్రియ ఒక్కో రోజుకు పెట్టుకుంటే వారం గడిచిపోతుంది. ఏ రోజుకు ఏది అన్నది ఎవరి ఒంటిని బట్టి వాళ్లు చూసుకోవాలి. కళ్లు మసకేసినవాళ్లు వినడంతో మొదలుపెట్టవచ్చు, చెవులు తగ్గినవాళ్లు చూడడంతో. రెండూ తగ్గినవాళ్లకు ‘రోహేమ’ ఉంది.