మా బడి గేటుకు కట్టిన కొబ్బరి తాడు

పోయిన వారం మా పాపకు జ్వరం మాత్ర ఇచ్చి రావడానికి మధ్యాహ్నం పూట బడికి వెళ్లాను. చంద్రగిరి వైపు ఒక పల్లె మాది. హైస్కూలు రోడ్డు మీదనే ఉంటుంది, ట్రాక్టర్లు, తిరుపతి పోయే బస్సులు రోజంతా తిరుగుతూనే ఉంటాయి. గేటు దగ్గరికి పోయేసరికి ఇద్దరు ఆరో తరగతి పిల్లకాయలు దాంతో ఉయ్యాల ఊగుతున్నారు, ఒకడు కమ్మీలు పట్టుకుని వేలాడుతుంటే ఇంకొకడు తోస్తున్నాడు. దిగండ్రా అని ఇద్దర్నీ పక్కకు లాగి చూస్తే నాకు చెమటలు పట్టాయి. పై బందు ఊడిపోయింది. కింది బందు తుప్పు పట్టి సగం తెగి ఉంది. పైన గేటును స్తంభానికి కలిపి కొబ్బరి తాడు నాలుగు చుట్లు చుట్టి ముడేశారు, ఎండకీ వానకీ ఆ తాడు పీచు పీచుగా లేచిపోయింది. ఆ గేటు మీద పడితే ఆ వయసు పిల్లవాడు బతకడు.

గేటు దాటి, వరండా ఎక్కి, ఆరో తరగతి గది దాకా నడిచాను. ఎవరమ్మా మీరు, ఎవరి కోసం వచ్చారు అని అడిగిన మనిషి లేరు. టీచర్లు క్లాసుల్లో ఉన్నారు, ఆయమ్మ బాత్‌రూములు కడుగుతోంది. నేను కాబట్టి సరిపోయింది.

వంటగది పక్కన గోడకు మంటలార్పే ఎర్ర సిలిండర్ తగిలించి ఉంటే దాన్నీ చూశాను. లోపలి ఒత్తిడి చూపే ముల్లు ఎరుపులోకి పడిపోయి ఉంది, పిన్ను లాగితే రావడం లేదు, మెడకు కట్టిన చీటీ మీద తేదీ దాటి రెండేళ్లయింది. అక్కడే రోజూ 180 మందికి వంట చేస్తారు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో బడి వంటగదిలో లేచిన మంట పూరి కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత వేసిన కేసులో 2009లో సుప్రీంకోర్టు, బడుల్లో మంటలార్పే పరికరాలుండాలి, వాటిని వాడడం సిబ్బందికి నేర్పించాలి అని చెప్పింది. పరికరమైతే మా బడిలోనూ ఉంది, గోడకు వేలాడుతోంది.

హెచ్‌ఎం మేడంని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. నేను స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో మెంబర్ని కాబట్టి అదే రోజు కూర్చుని లెక్కల పుస్తకం చూశాను. బడులకు డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 కాంపోజిట్ గ్రాంటు, అంటే అన్ని ఖర్చులకూ కలిపి ఇచ్చే డబ్బు. అందులో కనీసం 10 శాతం శుభ్రతకు పోవాలి. మిగిలిన 45,000లోనే కరెంటు బిల్లు, నెట్ బిల్లు, రిజిస్టర్లు, చాక్‌పీసులు, ల్యాబ్ సామాను, కాలిపోయిన ఫ్యాన్ మోటార్లు అన్నీ. 220 పనిదినాలకు పంచి చూడండి, రోజుకు రెండొందల చిల్లర. భద్రత పేరు మీద విడిగా ఒక పద్దు కూడా ఉంది, బడికి ఏడాదికి 2,000 రూపాయలు. అది టీచర్లకు అవగాహన కల్పించడానికి, సూచనల బోర్డు పెట్టడానికి అనుకున్న డబ్బు. బందుకు గానీ, గోడకు గానీ, గేటు దగ్గర మనిషికి గానీ అది ఏ మూలకు సరిపోతుంది?

కేంద్రం 2021లో బడుల భద్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది, బడి వేళల్లో పిల్లలకు ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలో అందులో ఉంది. మేడం అన్నది ఒకటే. "ఏమైనా జరిగితే నన్నే అడుగుతారమ్మా, రాసి పంపితే మాత్రం బడ్జెట్ రాలేదంటారు." ఆమె కళ్లలో నీళ్లు చూశాక నాకు ఇంకేం మాట్లాడాలో తోచలేదు.

డబ్బే రాలేదని కూడా నేను అనను. 2019 నవంబరు 14న మన రాష్ట్రంలో బడులను బాగుచేసే నాడు–నేడు పథకం మొదలైంది, మొదటి విడతలోనే 15 వేలకు పైగా బడులకు మరుగుదొడ్లు, నీళ్లు, ఫ్యాన్లు వచ్చాయి, ఆ పనుల్లో ప్రహరీ గోడ కూడా ఉంది. కట్టడానికి ఒకసారి ఇస్తున్నారు, కట్టినదాన్ని కాపాడుకోవడానికి ఏటా ఇవ్వడం లేదు, నా బాధ అదీ. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు మా బడి వెనక గోడ పది అడుగులు పడిపోయింది. ఇప్పటికీ ఆ సందుకు కంపే అడ్డం. పగలు కుక్కలు వస్తాయి, రాత్రి ఎవరో కూర్చుని తాగి సీసాలు పగలగొట్టి పోతారు, పొద్దున్నే ఆ గాజు పెంకులు పిల్లలే ఏరుతున్నారు. గోడో కంచో ఉండి తీరాలని విద్యా హక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది కదా!

ఇంకో మాట. 2023లో హైస్కూళ్లకు నెలకు 6,000 మీద నైట్ వాచ్‌మన్లను పెట్టారు, తరగతుల్లోకి పెద్ద స్క్రీన్లు వచ్చాయి కాబట్టి. మంచి పనే, ఆ స్క్రీన్లు మన పిల్లలవే. కానీ పిల్లలు లోపలుండే పగటి పూట గేటు దగ్గర ఒక మనిషిని పెట్టుకోవడానికి మా పద్దుల్లో ఎక్కడా డబ్బు లేదు. నెలకు 8,000 ఇచ్చినా పది నెలలకు 80,000 అవుతుంది.

ఆ డబ్బు ఎక్కడిదంటే, తల్లుల దగ్గరే ఉందంటాను నేను. 2025 జూన్‌లో, పిల్లల్ని చదివించే తల్లులకు రాష్ట్రం ఇచ్చే తల్లికి వందనం 15,000లో 13,000 మా ఖాతాల్లో పడింది, 2,000 బడుల నిర్వహణకని పట్టుకున్నారు. పట్టుకోనీండి, అభ్యంతరం లేదు. మా బడి నుంచి 150 మంది తల్లులు అనుకున్నా 3,00,000. అందులో ఒక వాటా భద్రతకు మాత్రమే అని రాసి, ఆ బడి కమిటీ ఖాతాలోనే జూన్‌లో వేయమని అడుగుతున్నాం. గోడ, గేటు, సిలిండర్ రీఫిల్, పగటి వాచ్‌మన్. బస్సు దిగే చోట స్పీడ్ బ్రేకర్ పంచాయతీతో మాట్లాడుకుంటాం.

గేటు మాత్రం ఆగేది కాదు. ఐదుగురు తల్లులం తలా 300 వేసుకున్నాం. వెల్డింగ్ అన్న 1,800 అని చెప్పి, పని అయ్యాక 1,500 చాలక్కా అన్నాడు, వాళ్ల పాప కూడా ఇక్కడే ఏడు చదువుతోంది. రెండు బందులూ కొత్తవి వేసి, మధ్యలో అడ్డపట్టీ కూడా పెట్టాడు. శనివారం కమిటీలో తీర్మానం రాసి పద్నాలుగు మందిమి సంతకాలు పెట్టాం. సోమవారం ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు పోతున్నాం. గేటుకు విప్పిన కొబ్బరి తాడు నా దగ్గరే దాచాను, తీర్మానం కాపీతో పాటు దాన్నీ సార్ బల్ల మీద పెడతాం.