రాపా నూయిలో ఒక పాత సినిమా

ఈస్టర్ ఐలాండ్ (అక్కడివాళ్ల మాటలో రాపా నూయి) మీద నేను చూసిన డాక్యుమెంటరీలు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. పైనుంచి సముద్రం, ఆ తర్వాత పచ్చటి గుట్ట, గుట్ట మీద నేలలో కూరుకుపోయిన రాతి తలలు. వెనక నుంచి ఒక బరువైన గొంతు: "వీటిని చెక్కిన మనుషులు ఏమైపోయారు?"

చిన్నప్పటి నుంచీ ఈ ప్రశ్న వింటూనే పెరిగాను. మా నాన్నకు ఇలాంటి ప్రోగ్రాములంటే ప్రాణం. మాది రాయగిరి. హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడి ఉన్న బుద్ధుడిని చెక్కింది మా ఊరి రాయితోనే. ఆ 58 అడుగుల విగ్రహాన్ని ట్రైలర్ మీద ఎక్కించి హైదరాబాద్‌కు తరలిస్తుంటే నాన్న, ఆయన ఈడు వాళ్లంతా దాని పక్కనే నడిచారట. అందుకే టీవీలో పెద్ద రాయి కనబడితే చాలు, ఆయన అడిగే మొదటి మాట "గంత రాయిని ఎట్ల జరిపిన్రో".

ఆఫీసు పని మీద ఏడాది పాటు చిలీ రాజధాని శాంటియాగోలో ఉండాల్సి రావడంతో నాకు ఈ ప్రయాణం కుదిరింది. లేకపోతే హైదరాబాద్ నుంచి ఇంత దూరం బయలుదేరే ధైర్యం చేసేదాన్ని కాదు. 2023 మార్చిలో వెళ్లాను. శాంటియాగో నుంచి విమానంలో ఐదున్నర గంటలు, కిందంతా నీళ్లే. దీవి చిలీదే అయినా ఎక్కేముందు ఆన్‌లైన్ ఫారం, రిటర్న్ టికెట్, రిజిస్టరైన బస వివరాలు అన్నీ చూపించాలి. 30 రోజులకు మించి ఉండనివ్వరు. మొదట చిరాకు పడ్డాను. మొత్తం దీవి 163 చదరపు కిలోమీటర్లు, తాగే నీళ్ల సీసా నుంచి పెట్రోలు దాకా చాలా సామాను పడవలోనో విమానంలోనో రావాలి అని అర్థమయ్యాక ఆ చిరాకు పోయింది.

ధరల చిరాకు మాత్రం పోలేదు. నేషనల్ పార్క్ టికెట్ అప్పట్లో విదేశీయులకు 80 డాలర్లు, అంటే ఆరున్నర వేల రూపాయలు. అది కొన్నా ఒంటరిగా తిరగనివ్వరు, ముఖ్యమైన చోట్లకు స్థానిక గైడ్ పక్కన ఉండాల్సిందే. ట్యూనా చేప కూరిన ఎంపనాడా (మన కజ్జికాయ ఆకారంలో, అరచేయంత ఉంటుంది) ఒక్కటి 5,000 పెసోలు. మన లెక్కలో ఐదొందలు. రుచి చాలా బాగుంది కాబట్టి మూడు రోజులూ అదే తిన్నాను.

మొదటి రోజు రానో రరాకు గుట్ట దగ్గర, మా గైడ్‌ను నేను కూడా ఆ టీవీ ప్రశ్నే అడిగాను. ఆలోచించకుండా నోటికొచ్చేసింది. "మరి ఆ మనుషులందరూ ఏమయ్యారు?" ఆయనకు యాభై ఏళ్లుంటాయి. నడుస్తున్నవాడు ఆగి నా వైపు తిరిగాడు. కోపంగా ఏమీ అనలేదు. "నేను ఇక్కడే ఉన్నాను కదా" అన్నాడు. మళ్లీ నడక మొదలుపెట్టాడు. ఆ మాట నన్ను ఆ ప్రయాణమంతా వదల్లేదు.

రానో రరాకు అంటే క్వారీ. దీవిలోని మోయాయ్ విగ్రహాల్లో దాదాపు అన్నీ ఇక్కడ చెక్కినవే. దాదాపు నాలుగు వందలు ఇప్పటికీ ఈ గుట్ట చుట్టూనే ఉన్నాయి. కొన్ని మెడ దాకా మట్టిలో కూరుకుపోయాయి, కొన్ని ఇంకా కొండకే అతుక్కుని ఉన్నాయి. వాటిలో ఒకటి లేస్తే 21 మీటర్లు ఉండేదట. అంతకు ఐదు నెలల ముందు, 2022 అక్టోబరులో వచ్చిన మంటలకు కొన్ని విగ్రహాలు నల్లబడ్డాయి. దగ్గరికి వెళ్లనివ్వరు గానీ దూరం నుంచే మసి తెలుస్తోంది. గైడ్ మాత్రం ఇంకో సంగతి సంబరంగా చెప్పాడు: గుట్ట లోపలి చెరువు ఎండిపోతే, సరిగ్గా మేం వెళ్లడానికి కొద్ది రోజుల ముందు, ఆ మట్టిలో ఇంతవరకు ఎవరూ చూడని చిన్న మోయాయ్ ఒకటి బయటపడింది. ఒకటిన్నర మీటర్ల పైచిలుకు ఎత్తు. తమ ఇంట్లో పాప పుట్టినట్టు చెప్పాడు.

అక్కడ ఒక విగ్రహం ముఖాన్ని చాలాసేపు చూశాను. ముక్కు పక్కన ఉలి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. కనుబొమల కింద నున్నటి నీడ ఉంది, కళ్లు లేవు. అడిగితే గైడ్ చెప్పాడు: క్వారీలో కళ్లు చెక్కరు. విగ్రహం తన ఊరి అహు మీద, అంటే సముద్రపొడ్డున కట్టిన రాతి అరుగు మీద నిలబడ్డాకే కంటి గుంటలు తొలిచి, తెల్లటి పగడపు రాయితో కళ్లు పెడతారు. అప్పుడే ఆ రాయి తమ పూర్వీకుడవుతుంది, ఊరిని చూస్తూ కాపాడుతుంది. నాకు ఒళ్లు జలదరించింది. మన గుళ్లలో విగ్రహ ప్రతిష్ఠప్పుడు చేసే నేత్రోన్మీలనం గుర్తొచ్చింది. కళ్లు తెరిచేదాకా అది రాయే. ఇంత సంగతిని నేను చూసిన ఏ ప్రోగ్రామూ ఇలా చెప్పలేదు. మూడు వందల కిలోమీటర్లు కాదు, సగం భూగోళం అవతల ఉన్నవాళ్లు చెబుతుంటే మా ఇంటి మాటలా వినిపించింది. 1978లో అనకేనా బీచ్ దగ్గర దొరికిన ఆ పగడపు కన్ను ఊళ్లో మ్యూజియంలో ఉంది. నా చేతి కన్నా పెద్దది. పక్కనుంచి చూసినా మనల్నే చూస్తున్నట్టుంటుంది.

తొంగరికీలో వరసగా నిలబడ్డ పదిహేను విగ్రహాలు, ఒరోంగో దగ్గర కొండ అంచు, అన్నీ చూశాను. ఫొటోల్లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, అంతకన్నా రాయను. తొంగరికీ గురించి ఒక్కటి చెప్పాలి. 1960లో చిలీలో వచ్చిన భారీ భూకంపానికి లేచిన సునామీ అప్పటికే పడి ఉన్న ఈ పదిహేనింటినీ లోపలికి విసిరేసింది. 1990లలో ఒక జపాన్ కంపెనీ పంపిన క్రేన్‌తో వాటిని మళ్లీ నిలబెట్టారు. నాన్నకు ఈ సంగతి చెప్పాలనుకున్నాను. మా బుద్ధుడు కూడా 1990 మార్చిలో పడవ ఒరిగి చెరువులో మునిగాడు, మనుషులు పోయారు. 1992 డిసెంబర్ 1న పైకొచ్చి నిలబడ్డాడు. అక్కడ పడిన రాళ్లను, ఇక్కడ మునిగిన రాయిని దాదాపు ఒకే కాలంలో లేపారన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను దిగింది హంగా రోవా ఊళ్లో ఒక ఇంట్లో. దీవిలో ఉన్న ఒకే ఒక్క ఊరు అది. ఎయిర్‌పోర్టులోనే మా హోస్ట్ మెడలో పూలదండ వేసి తీసుకెళ్లింది. నలభై దాటిన మనిషి. వాళ్లమ్మకు డెబ్బై. ఇక్కడ పెద్దావిడలను గౌరవంగా "నూఆ" అంటారు, పెద్దాయనలను "కోరో" అంటారు. నేను కూడా నూఆ అనే పిలిచాను.

రెండో రోజు రాత్రి వాన. ఎటూ వెళ్లలేం. నేను సినిమాల గురించి అడిగితే నూఆ లేచి, సొరుగులోంచి ఒక పెన్ డ్రైవ్ తీసి కూతురి చేతిలో పెట్టింది. 1994లో వచ్చిన "రాపా నూయి". కెవిన్ రేనాల్డ్స్ తీశాడు, కెవిన్ కాస్ట్‌నర్ నిర్మాతల్లో ఒకడు. అమెరికాలో అస్సలు ఆడలేదు. షూటింగ్ మాత్రం ఈ దీవిలోనే జరిగింది, గుంపు సీన్లలో ఈ ఊరి జనమే ఉన్నారు.

సినిమా మొదలైంది. హీరో, హీరోయిన్ మాట్లాడుకుంటున్నారు. నూఆ వాళ్లను చూడటం లేదు. రిమోట్ రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. ఉన్నట్టుండి ఆపింది. కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్లి, హీరో భుజం వెనక, తాడు లాగుతున్న వరసలో మూడో మనిషి మీద వేలు పెట్టింది. గోరు చివర టీవీ మీద ఉన్న దుమ్ములో చిన్న గీత పడింది. "మా తమ్ముడు" అంది. "ఇప్పుడు లేడు." మళ్లీ ప్లే. రెండు నిమిషాలకు మళ్లీ ఆపింది. "ఇతను మా మేనబావ, శాంటియాగోలో ఉంటున్నాడు. ఆ పిల్లాడు ఇప్పుడు పడవ నడుపుతాడు. ఈ ముసలావిడ మా అత్త, అంత ఎండలో రోజంతా కూర్చోబెట్టారు." రెండు గంటల లోపు సినిమా మాకు మూడున్నర గంటలు పట్టింది. మన గోదావరి పల్లెల్లో షూటింగ్ జరిగితే, సినిమా వచ్చాక ఊరంతా కలిసి ఎవరెక్కడ కనిపించారో వెతుక్కుంటారు, సరిగ్గా అలాగే.

కథ విషయానికి వస్తే కూతురికి ఆ సినిమా అంటే కోపం. మోయాయ్‌లు చెక్కిన కాలం వేరు, మోటు నూయి అనే చిన్న దీవికి ఈదుకెళ్లి పక్షి గుడ్డు తెచ్చే పోటీ బాగా జరిగిన కాలం వేరు, రెండూ కలిపేశారు అంది. చివరి చెట్టు నరుక్కుని, ఒకరినొకరు చంపుకుని అంతమైపోయారన్నట్టు చూపిస్తారు.

"ఆ తర్వాతది ఎవరూ తీయరు" అంది. ఆ తర్వాతది ఇదీ: 1862లో పెరూ నుంచి ఓడలొచ్చాయి. మనుషులను పట్టుకుపోయి బానిసల్లా పని చేయించారు. కొద్దిమంది తిరిగొస్తూ మశూచి తెచ్చారు. 1877లో లెక్కపెడితే దీవి మొత్తానికి మిగిలింది 111 మంది. 1888లో చిలీ కలుపుకుంది. తర్వాత దీవి చాలావరకు గొర్రెల మేతకు ఒక కంపెనీ చేతికి వెళ్లింది, అసలు మనుషులను హంగా రోవాలో కంచె లోపల ఉంచారు. పౌరసత్వం దక్కింది 1966లో. అంటే నూఆ పుట్టినప్పుడు ఆమె ఏ దేశపు పౌరురాలూ కాదు. ఈ మాట అంటుంటే నూఆ తల ఊపింది తప్ప ఏమీ మాట్లాడలేదు. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

(నేను తిరిగొచ్చాక, 2024లో, పారిస్ మ్యూజియంలో ఉన్న పదిహేను మంది రాపా నూయి పూర్వీకుల ఎముకల నుంచి డీఎన్ఏ తీసి చూసిన ఒక పరిశోధన వచ్చింది. 1600లలో జనం కూలిపోయిన జాడే లేదు, 1860ల దాకా జనాభా మెల్లగా పెరుగుతూనే ఉందని తేల్చారు. ఆ వార్త చదవగానే లింకు వాళ్లకు పంపాను. "మాకు తెలుసు" అని ఒక్క ముక్క జవాబొచ్చింది.)

మంచి సినిమాలేవీ లేవా అని అడిగాను. మా వాళ్లు తీసినవి చూడు అంది కూతురు. లియోనార్డో పకరాటి 2015లో తీసిన డాక్యుమెంటరీ పేరు చెప్పింది. 1868లో బ్రిటిష్ ఓడ ఎత్తుకుపోయిన హోవా హకనానయియా అనే మోయాయ్‌ను వెతుక్కుంటూ ఒక తాత, మనవరాలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం దాకా వెళతారట. సెర్జియో మతాఉ రాపు తీసిన 2018 సినిమా గురించి కూడా చెప్పింది. అది ఇప్పటి దీవి గురించి: టూరిజం, చెత్త, పెరుగుతున్న ఊరు. శాంటియాగో వెళ్లాక మొదట అవే చూడాలని ఆ రాత్రే అనుకున్నాను.

రాళ్లను ఎలా జరిపారో కూడా నూఆ నోటే విన్నాను. "నడిచొచ్చాయి" అంది, అంతే. 2012లో వచ్చిన ఒక అమెరికన్ డాక్యుమెంటరీలో టెర్రీ హంట్, కార్ల్ లిపో అనే ఇద్దరు పరిశోధకులు నాలుగు టన్నులకు పైబడ్డ నమూనా మోయాయ్‌కు మూడు తాళ్లు కట్టి, పద్దెనిమిది మందితో అటూ ఇటూ ఊపిస్తూ నిలువునా నడిపించారు. వాళ్ల నోట విని జనం అబ్బురపడ్డారు. ఇక్కడివాళ్లు ఆ మాట ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. మర్నాడు అనకేనాలో ఒంటరిగా నిలబడ్డ ఒక మోయాయ్‌ను చూశాను. నార్వే పరిశోధకుడు థోర్ హెయర్డాల్ యాత్ర కాలంలో, 1956లో, పెద్రో అతాన్ అనే దీవి మేయరు పన్నెండు మంది మనుషులతో 18 రోజుల్లో దాన్ని లేపాడు. దుంగలతో కొంచెం ఎత్తడం, ఆ సందులో రాళ్లు కుక్కడం, మళ్లీ ఎత్తడం. ఇది ఎలా చేయాలో మీకెవరు నేర్పారని అడిగితే, ఇంట్లో పెద్దవాళ్లు అన్నాడట. ఆ విగ్రహం నీడలో కూర్చుని నీళ్లు తాగాను.

ఆఖరి రాత్రి మా బుద్ధుడి ఫొటో నూఆకు చూపించాను. హుస్సేన్‌సాగర్, లైట్లు, చుట్టూ పడవలు. చాలా బాగుందని ఆమె రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసింది. పీఠం దగ్గర, పడవల్లో ఎవరో వెతుకుతున్నట్టు అటూ ఇటూ జరిపింది. "మీ నాన్న ఎక్కడ?" అంది.

ఇందులో లేరన్నాను. విగ్రహం రోడ్డు మీద వెళుతున్నప్పుడు పక్కన నడిచారని చెప్పాను. "మరి ఆ వీడియో ఉందా?" ఉంది, పాత వార్తల క్లిప్పులు నేను చూశాను. వాటిలో విగ్రహం, ట్రైలర్ చక్రాలు, పక్కన జనం. జనంలో ఎవరెవరున్నారో నేనెప్పుడూ అడగలేదు. అది నూఆకు చెప్పలేకపోయాను.

ఆ రాత్రే నాన్నకు వాట్సాప్ కాల్ చేశాను. ఇంటర్నెట్ అంతంతమాత్రం, మన దగ్గర అప్పటికి తెల్లారింది. "నాన్నా, ఆ రోజు బండి పక్కన మీతో ఎవరెవరున్నారు?" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. లైన్ పోయిందేమో అనుకున్నాను.

"ఎవరుంటరు బిడ్డా, మీ పెద్దనాయన ఉండె" అని మొదలుపెట్టారు. "మీ చిన్న మామ, ఎనకాల వీధి వడ్లాయన, ఆయన కొడుకులిద్దరు, రాళ్లు కొట్టెటోళ్లు మస్తుమంది. మీ పెద్దనాయన చెప్పు తెగిపోతే చేతిల పట్టుకొనే నడిచిండు..."

అక్కడ లైన్ తెగింది. మర్నాడు శాంటియాగోలో దిగి, బ్యాగు కోసం నిలబడి మళ్లీ చేశాను. చెప్పు దగ్గరి నుంచి చెప్పమన్నాను.